చిన్న తూటా, పెద్ద అప్పు

కొన్నేళ్ల క్రితం ఎన్నికల వార్తల కోసం ఉత్తరాఖండ్ వెళ్లినప్పుడు, దారిలో కాలాఢూంగీలోని జిమ్ కార్బెట్ ఇంటిని చూశాను. అప్పటిదాకా నా దృష్టిలో వేటగాడంటే డబ్ల్యూ.డి.ఎం. బెల్. 7 మిల్లీమీటర్ల తూటాతో ఆఫ్రికాలో వందలాది ఏనుగులను కూల్చినవాడు. ఏనుగు పుర్రెను కోసి మెదడు ఎక్కడుంటుందో అధ్యయనం చేసినవాడు. తూటా పరిమాణం కాదు, అది తగిలే చోటే ప్రధానమన్న అతడి వాదాన్ని నేనూ నమ్మాను.

ఆ నమ్మకాన్ని చెదరగొట్టింది చంపావత్ ఆడపులి. 1907లో కార్బెట్ దానిని చంపి చూస్తే, కుడివైపు పై కోర, కింది కోర విరిగి ఉన్నాయి. అది పాత తూటా గాయం. సహజమైన వేట సాధ్యం కాకనే అది మనుషుల మీద పడిందని ఆయన రాశాడు. బలైనవారు 436 మంది అని లెక్క. ఆ పులిని చంపినందుకు ఆయనకు దక్కిన బహుమతి, బెల్ వాడిన తరహా .275 రిగ్బీ రైఫిలే!

బెల్‌కు చిన్న తూటా చాలింది. అతడిని అనుకరించేవారికి చాలదు. గురి తప్పితే పెద్ద జంతువు చావదు, గాయంతో పొదల్లోకి పోతుంది. ఆ అప్పు తీర్చేది వేటగాడు కాదు, గడ్డికోసం అడవికి వెళ్లే ఆడవాళ్లు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును చంపడానికి నేటికీ అనుమతినిస్తుంది. ఆ ఉత్తర్వుపై సంతకం చేసేవారు తుపాకీ ఏది, పట్టేదెవరు అని ముందుగా అడగాలి. అరకొర చర్య కంటే నిష్క్రియే మేలైన సందర్భాలు పాలనలోనూ ఉంటాయి.