చలికాలం పందేనికి వానాకాలం తిండి

పోయినేడు జూన్‌లో మా చెల్లి కూతురు మినియాపొలిస్ నుంచి పాల్వంచ వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. ఒక్కతే రావడం అదే మొదటిసారి. పెట్టె తెరుస్తుంటే వీధి పిల్లలంతా చాక్లెట్ల కోసం చుట్టూ మూగారు. పైనున్న బట్టలు తీస్తే కింద రెండు పొడుగాటి పట్టీలు, ఒక్కోదానికి ముందొక చక్రం, వెనకొక చక్రం. వేరే సంచీలో రెండు కర్రలు. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేందే, పిల్ల బండి విప్పుకుని తెచ్చిందా?" అంది.

అవి రోలర్ స్కీలట. మంచు లేని రోజుల్లో రోడ్డు మీద సాధన చెయ్యడానికి. వాళ్ళ స్కూల్లో క్రాస్ కంట్రీ స్కీయింగ్ జట్టు ఉంది, మా పిల్ల అందులో ఆడుతుంది. స్కీయింగ్ అంటే కొండ మీంచి సర్రున కిందికి జారడమే అనుకునేదాన్ని నేను. ఇది అది కాదు. మంచు కప్పిన నేల మీద, ఎక్కుడూ దిగుడూ అన్నీ కలిపి, కర్రలతో నేలను వెనక్కి నెట్టుకుంటూ కిలోమీటర్లకు కిలోమీటర్లు పోవాలి. కాళ్ళు, చేతులు, నడుము, ఊపిరి, ఏదీ ఖాళీగా ఉండదు. ఆ రోజు మంచు ఎంత చల్లగా ఉందో చూసి పట్టీల అడుగున రాసే మైనం కూడా మారుస్తారట. నేను బి.ఏ. తెలుగు చదివానాయె, ఊరుకోలేక ఆలోచించాను. మనకైతే గడ్డి మీద బొట్టూ మంచే, పొద్దున్నే రోడ్డు కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీదదీ మంచే. ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం.

మినిసోటా స్కూళ్ళలో ఈ పోటీలు నవంబరు మధ్యలో మొదలై ఫిబ్రవరిలో రాష్ట్ర పోటీలతో అయిపోతాయి. కానీ ఆ మూడు నెలల కోసం పిల్లలు వేసవి నుంచే తయారవుతారు. "పెద్దమ్మా, మంచు పడ్డాక మొదలుపెడితే అప్పటికే లేటు" అంది. అందుకే ఆ చక్రాలు సముద్రాలు దాటి వచ్చాయి.

"మనవాళ్ళెవరైనా ఈ ఆట ఆడతారా?" అని అడిగింది అమ్మ. కర్ణాటకలో కాఫీ తోటల కొడగు నుంచి వెళ్ళిన భవాని తెక్కడ నంజుండ ఇదే ఆటలో గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా పతకాలు గెలిచిందని పిల్లే ఫోన్లో చూపించింది. నేనేమో మన చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ సంగతి చెప్పాను. 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు కదా. మంచు పడని ఊళ్ళ నుంచి కూడా మంచులోకి పోయినవాళ్ళున్నారని మా అమ్మకి అలా నచ్చజెప్పాం.

మర్నాటి నుంచి పొద్దున అయిదున్నరకే కిన్నెరసాని వైపు రోడ్డు మీద మా ఊరేగింపు. ముందు పిల్ల, హెల్మెట్ పెట్టుకుని, మెరిసే పసుపు రంగు జాకెట్టు వేసుకుని. వెనక స్కూటీ మీద మా ఆయన, కుక్కల్ని అదిలించడానికి ఒక చేతికర్రతో. ఆయన వెనక నేను, నీళ్ళ సీసాతో. వాన పడిన రోజు మాత్రం మానేసేది, తడి రోడ్డు మీద చక్రాలు జారతాయని. ఒకరోజు గేదెలు తోలుకుపోతున్న ఒక ముసలమ్మ ఆగి, పిల్ల చేతిలో కర్రలు చూసి, "కాళ్ళు బాగలేవా బిడ్డా? ఇంత చిన్నతనంలోనే" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మా పిల్ల ఆగి ఆవిడకి నమస్కారం పెట్టి, కర్ర ఒకటి చేతికిచ్చి, ఎలా నెట్టాలో చూపించింది. కిన్నెరసానిలో గిరిజన పిల్లల క్రీడా పాఠశాల ఉంది కాబట్టి అటువైపు వాళ్ళకి పొద్దున్నే పరిగెత్తే పిల్లలు కొత్త కాదు. చక్రాలే కొత్త.

వాళ్ళ కోచ్ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. అది చూసి నేను ఆశ్చర్యపోయాను. రోజూ ఆయాసపడమని లేదు. వారంలో ఎక్కువ రోజులు పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఎక్కువసేపు. ఒకటో రెండో రోజులు గట్టిగా. ఒకరోజు పూర్తిగా విశ్రాంతి. విశ్రాంతి కూడా సాధనలో భాగమేనని రాసుంది. నాకు బాగా నచ్చింది. మన ఇళ్ళల్లో ఏ ఆడమనిషికీ ఎవరూ అలాంటి కాగితం రాసివ్వలేదు.

కానీ పిల్ల ఆ కాగితం ప్రకారం నడవట్లేదని నాకు రెండు వారాలకి తెలిసింది. విశ్రాంతి రోజున మధ్యాహ్నం డాబా మీద చప్పుడైతే వెళ్ళి చూశాను. మబ్బు ఎండలో తాడు ఆట ఆడుతోంది, చెమటలు కారిపోతున్నాయి. నన్ను చూసి దొంగతనం దొరికినట్టు ఆగిపోయింది.

తిండి సంగతీ అంతే. ముద్దపప్పులో నెయ్యి వేస్తే పక్కకి తోసేది. అన్నం నాలుగు ముద్దలు. "పొద్దున తిని వెళితే కడుపు బరువుగా ఉంటుంది పెద్దమ్మా" అని ఖాళీ కడుపుతో గంటన్నర తిరిగొచ్చి, అరటిపండు సగం తిని, "చాలు" అనేది. అమెరికా పిల్ల, మన కారం పడట్లేదేమోననుకున్నాను. కారం తగ్గించాను. అయినా అంతే.

జులై మధ్యలో ఒకరోజు వంటింట్లో అమ్మ గొంతు తగ్గించి, "పిల్లొచ్చి నెల దాటింది. ఒక్కసారన్నా బయట చేరినట్టు కనపళ్ళేదేందే?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ గొంతులోని భయమేమిటో నాకు తెలుసు, మీకూ తెలుసు. మా చిన్నప్పుడు వంటింటి తలుపు వెనక క్యాలెండరు మీద మా నాయనమ్మ సున్నాలు చుట్టేది. రెండు రోజులు ఆలస్యమైతే ఇంట్లో అందరి చూపులూ మా పొట్టల మీదే. ఆ మూడు రోజులూ మూల కూర్చోబెట్టడం సరే, రాకపోతే అనుమానించడం అంతకన్నా అవమానం. నాకు ఉన్నది కొడుకే. అయినా ఇంట్లో ఏ ఆడపిల్లనీ ఆ ప్రశ్న అడగకూడదని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను. "ఊరుకో అమ్మా, దాని సంగతి అది చూసుకుంటుంది" అని కసిరాను.

ఆ ఆదివారం భద్రాచలం తీసుకెళ్ళాం. గుడి మెట్లు సగం ఎక్కాక పిల్ల రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది. మొహం పాలిపోయింది. డెబ్బై రెండేళ్ళ మా అమ్మ పైమెట్టు మీద నిలబడి కిందికి చూస్తోంది. కిలోమీటర్లు దూకే పిల్ల మెట్ల మీద కూలబడడమేమిటి?

రాత్రి అమ్మ దాని కాళ్ళకి నువ్వులనూనె రాస్తూ, మోకాలి కింద ముందు ఎముక మీద ఒకచోట వేలు పెట్టేసరికి పిల్ల కెవ్వుమంది. "ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను. "ఏప్రిల్ నుంచి" అంది. అప్పుడు నేను ఒట్టు పక్కన పెట్టాను. అమ్మని లోపలికి పంపేసి, లైటు తీసేసి, మంచం మీద పక్కన పడుకుని అడిగాను. చీకట్లో అడిగితే చెప్పడం తేలికని. "నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జనవరిలో" అంది.

చెల్లికి ఫోన్ చేస్తే మనకి రాత్రి తొమ్మిది, వాళ్ళకి పొద్దున పదిన్నర. "ఆటలాడే పిల్లలకి అలాగే ఉంటుందట అక్కా, వాళ్ళ జట్టులో చాలామందికి అంతే" అంది. దాన్ని తప్పు పట్టను. నేనూ నమ్మేదాన్నే. కానీ అది నిజం కాదని మర్నాడు ఖమ్మంలో లేడీ డాక్టరు దగ్గర తెలిసింది. ఆవిడ చెప్పింది నా భాషలో చెబుతాను. ఇంటికొచ్చే జీతం ఖర్చుకి చాలకపోతే మనం ఏం చేస్తాం? ముందు పండగ బట్టలు మానేస్తాం, తర్వాత ఇంటి మరమ్మతులు వాయిదా వేస్తాం. ఒళ్ళూ అంతే. తిన్నదంతా ఆటకే అయిపోతే, ఒళ్ళు ముందు నెలసరి ఆపేస్తుంది. తర్వాత ఎముకల మరమ్మతు ఆపేస్తుంది. ఎముకకి బలం చేరేది ముఖ్యంగా ఈ వయసులోనే. ఇప్పుడు దాచుకోకపోతే ముసలితనంలో తీసుకోవడానికి ఏమీ ఉండదు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ డాక్టర్లు దీనికి ఒక పేరు కూడా పెట్టారు, క్రీడల్లో శక్తి లోటు అని అర్థమొచ్చేలా. మగపిల్లలకీ వస్తుందట. కాకపోతే ఆడపిల్లల్లో నెలసరి ముందే గంట కొడుతుంది. మూడు నెలలు రాకపోతే ఎవరైనా సరే డాక్టరుకి చూపించాలి, ఆటల వల్లేలెమ్మని ఊరుకోకూడదు అంది.

రక్తం తక్కువగా ఉంది. కాలి స్కానులో ఎముక విరగలేదు కానీ విరిగే దారిలో ఉందని తేలింది. ఆరు వారాలు పరుగు లేదు, చక్రాలు లేవు.

కారులో తిరిగొస్తూ వైరా దాకా ఏడ్చింది. చక్రాలు లేకుండా ఇండియాలో ఏం చెయ్యాలని, జట్టులో చోటు పోతుందని. తర్వాత తనే చెప్పింది. బరువు తక్కువుంటే ఎక్కుళ్ళు తేలికని ఎవరో పెద్దవాళ్ళే అన్నారట. ఆ మాట పట్టుకుంది. మొదట్లో నిజంగానే వేగం పెరిగిందట. అదే మోసం.

ఆ రాత్రి ఫోన్లో ఒక ఫోటో చూపించింది. జెస్సీ డిగిన్స్. వాళ్ళ మినిసోటా అమ్మాయే. 2018 ఒలింపిక్స్‌లో కిక్కన్ రాండల్‌తో కలిసి క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో అమెరికాకి మొట్టమొదటి బంగారు పతకం తెచ్చింది. ఆవిడ కూడా చిన్నతనంలో తిండితో యుద్ధం చేసి, తిన్నది కక్కుకునే జబ్బుతో బాధపడి, చికిత్స తీసుకుని బయటపడిందట. 2020లో పుస్తకం రాసి అందరికీ చెప్పుకుంది. "నేను ఆ పుస్తకం చదివాను పెద్దమ్మా. చదివి కూడా నా గురించి అనుకోలేదు" అంది మా పిల్ల.

ఇంక ఆ మిగిలిన మూడు వారాలూ నా వంటిల్లే దాని శిక్షణ శిబిరం. నేనూ ఒక కాగితం రాసి వాళ్ళ కోచ్ కాగితం పక్కనే అంటించాను. లేవగానే రాగిజావ. పదింటికి రెండు గుడ్లు. మునగాకు పప్పు, పక్కన నిమ్మకాయ, పులుపు ఉంటే ఆకుల్లో ఇనుము ఒంటికి బాగా పడుతుందని డాక్టరు చెప్పింది. గోదావరి చేప దొరికిన రోజు పులుసు. రాత్రి పెరుగన్నం, నెయ్యి పక్కకి తొయ్యకుండా. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేరే. రోజూ గెలవలేదు. కొన్నిరోజులు కంచం ముందు అరగంట కూర్చునేది. నేను తిట్టలేదు, పక్కన కూర్చుని నా అన్నం తిన్నాను.

అమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా రోట్లో నువ్వులూ బెల్లం దంచింది. చిమ్మిలి. మన దగ్గర పిల్ల పెద్దమనిషయితే పెట్టేది అదే కదా. "సమర్తకి మీ అమ్మ పెట్టలేదంటగా, ఇప్పుడు తిను" అని ఉండ చేతిలో పెట్టింది. పిల్ల తినింది. రెండోది అడిగింది.

అమ్మకి నేను క్షమాపణ చెప్పాలి, ఇంతవరకూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. ఆ ప్రశ్న చెడ్డది కాదు. మమ్మల్ని అనుమానించడానికి అడిగారు కాబట్టి చెడ్డదయింది. దాన్ని ద్వేషించి నేను నెల రోజులు నోరు మూసుకున్నాను. ఆ నెల ఎముక అరుగుతూనే ఉంది.

ఆగస్టులో వెళ్ళిపోయింది. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున ఫోన్లో సందేశం: "పెద్దమ్మా, వచ్చింది." అమ్మకి చెప్పాను. ఏమీ అనలేదు. సాయంత్రానికి చిమ్మిలి దంచి వీధిలో నాలుగిళ్ళకి పంచింది. ఏం పండగని అడిగితే "ఊరికే" అంది.

ఈ చలికాలం అది స్కూలు మొదటి జట్టులోకి రాలేదు. రెండో జట్టులో ఆడింది. జనవరిలో చెల్లి వీడియో పంపింది. చెట్ల మధ్య తెల్లటి దారి, మా పిల్ల నోట్లోంచి పొగలు. తన ముందు చాలామందే ఉన్నారు. చెల్లి గొంతులో కొంచెం నిరాశ ఉంది, దాన్నీ అర్థం చేసుకోగలను. పిల్ల మాత్రం, "కాలు నొప్పి లేదు, చివరి ఎక్కుడులో ఇద్దర్ని దాటాను" అంది.

మీ ఇంట్లో పరిగెత్తే పిల్ల, కబడ్డీ ఆడే పిల్ల, నాట్యం నేర్చుకునే పిల్ల ఉంటే, మెల్లగా, చీకట్లోనైనా అడగండి. అనుమానంగా కాదు, జ్వరం ఉందా అని నుదురు పట్టుకుని చూసినట్టు.

మొన్న కొత్తగూడెం నుంచి ఎవరో మినియాపొలిస్ వెళుతుంటే రెండు కిలోల చిమ్మిలి పంపాం. పందేనికి గంట ముందు తింటుందట. అక్కడి చలికి రాయిలా గట్టిపడుతోందని, చేతి తొడుగులో పెట్టుకుని వెచ్చబెట్టుకుని తింటున్నానని రాసింది.