రెండంగుళాల ఎత్తు

మాది బోథ్ దగ్గర పల్లె. నల్లరేగడి. వానాకాలం చేనిబాటలో చక్రం దిగబడితే ఇక అంతే సంగతులు. నిరుడు బాపు మా పాత మహీంద్రా జీపుకు పెద్ద టైర్లు వేయిద్దామన్నాడు. అవి మడ్గార్డుకు తాకకుండా ఛాసిస్‌కూ బాడీకీ నడుమ రెండంగుళాల నైలాన్ దిమ్మెలు పెట్టిద్దామన్నది మాత్రం నేనే. ఫిజిక్సు విద్యార్థిని గదా! పత్తి అమ్మిన పైసలు అందులోకే పోయినయి.

నాయనమ్మను నిర్మల్ ఆస్పత్రికి తీసుకుపోతూ మహబూబ్ ఘాట్ దిగుతుంటే రెండో గేరు తటాలున న్యూట్రల్‌లోకి దూకింది. మలుపులో తిప్పిన స్టీరింగు వెనక్కి రాదు. బాపు బ్రేకు మీద నిలబడ్డాడు. బండి పక్కనున్న మట్టికుప్పకు ఆని ఆగింది.

"గిదేనారా నువ్వు సదివిన సదువు?"

మర్నాడు బండి కింద పండి చూశాను. గేరుబాక్సు, స్టీరింగుబాక్సు ఛాసిస్‌కే ఉన్నాయి. లేచింది బాడీ ఒక్కటే. వెనక్కి వాలివుండే గేరురాడ్డు ఫ్లోరు రంధ్రం వెనుక అంచుకు తగులుతోంది. వెనక్కి లాగి వేసే రెండు, నాలుగు గేర్లు పూర్తిగా పడడం లేదు. డ్యాష్‌బోర్డు క్లాంపేమో స్టీరింగు కాలమ్‌ను పైకి గుంజి బిగబట్టింది. మా ఊరి మెకానిక్ కాక రంధ్రాన్ని వెనక్కి కోసి కొత్త రబ్బరుబూటు తొడిగాడు. క్లాంపుకూ డ్యాష్‌బోర్డుకూ నడుమ ఇనుపదిమ్మె పెట్టి కాలమ్‌ను పాత వాలుకు దించాడు. చక్రం వేలితో తిరిగింది.

అన్నట్టు, దిమ్మెలతో డిఫరెన్షియల్ వెంట్రుకవాసి కూడా లేవలేదు. అది లేచింది టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగం మాత్రమే.

బాపు ఇప్పటికీ ఘాట్ దిగినంతసేపు గేరురాడ్డు మీంచి ఎడమచెయ్యి తీయడు.