లాక్కుంటే మింగేస్తుంది

నాలుగు నెలల కుక్కపిల్ల ఉన్న ఇంట్లో నేల మీద ఏ వస్తువూ ఎక్కువసేపు ఉండదు. మా కాజా వచ్చిన రెండు నెలల్లో దాని నోట్లోకి వెళ్లినవి నాకు గుర్తున్నంతవరకు ఇవి: మూడు రబ్బర్లు, ఒక షార్ప్‌నర్, మా అమ్మాయి ఐడీ కార్డు తాడు, మా అత్తయ్యగారి కళ్లజోడు పెట్టె, టీవీ రిమోట్ మూల, లెక్కల వర్క్‌బుక్ అట్ట. చాలావాటిని నమిలి వదిలేసింది. కొన్నిటిని మింగబోయింది. ఒకదాన్ని మింగేసింది.

కాజా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టిన వీధికుక్క పిల్ల. రంగు చూసి పిల్లలే ఆ పేరు పెట్టారు. మా అమ్మాయి ఆరో తరగతి, అబ్బాయి రెండో తరగతి. వేసవి సెలవుల్లో కాజాను ఇంట్లోకి తెచ్చుకున్నాం. జూన్‌లో స్కూలు తెరిచేసరికి బ్యాగులు, షూలు, సాక్సులు మళ్లీ హాల్లోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే దానికి పళ్లు ఊడి కొత్తవి రావడం మొదలైంది.

టీకాకు తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టర్‌గారు వివరంగా చెప్పారు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగో నెల నుంచి ఏడో నెల లోపు అవన్నీ ఊడిపోయి 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలుపుతుంటాయి. ఏదైనా కొరికితే కాస్త హాయిగా ఉంటుంది. పైగా మనం చేత్తో పట్టుకుని చూసేవన్నీ అది నోటితో పట్టుకుని చూస్తుంది. కాబట్టి కొరకడం అల్లరి కాదు, ఆ వయసు అవసరం. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్తయ్యగారు, "దీనికి డాక్టరెందుకమ్మా, పళ్లొచ్చే పిల్లలకి చెక్కబొమ్మ ఇచ్చేవాళ్లం కదా. దీనికీ ఏదో ఒకటి ఇవ్వండి" అన్నారు.

అలాగే ఇచ్చాం. ఫ్రిజ్‌లో పెట్టిన పెద్ద క్యారెట్, దాని నోట్లో పట్టనంత పెద్ద రబ్బరు బొమ్మ, ఆ బొమ్మ బోలులో ఉప్పు లేని పెరుగన్నం కూరి గడ్డకట్టించినది. బొమ్మ కొనేటప్పుడు గోటితో నొక్కి చూడమన్నారు డాక్టర్‌గారు. గోరు కొంచెమైనా దిగకపోతే అది పళ్లు విరిగేంత గట్టిదని లెక్క. పాత చెప్పు మాత్రం ఆడుకోవడానికి ఇవ్వొద్దన్నారు. ఏది పాత చెప్పో, ఏది నిన్న కొన్న స్కూల్ షూనో కుక్కకు తెలియదు కదా. ఏది ఇచ్చినా, అది నములుతున్నంతసేపూ ఎవరో ఒకరం దగ్గరుండేవాళ్లం.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నాటుకున్నది ఇంకొకటుంది. కుక్కపిల్ల నోట్లో ఏదైనా కనబడితే పిల్లలు అరుస్తూ వెంటపడతారు. అది పరిగెడుతుంది. మూలకు తరిమి, దవడ పట్టుకుని లాగబోతే ఒక్క గుటకలో మింగేస్తుంది. దాని లెక్క దానిది: దొరికితే లాక్కుంటారు, కడుపులో వేసుకుంటే ఎవరూ లాక్కోలేరు. ఊరికే నమిలి వదిలేసే వస్తువును మింగేలా చేసేది చాలాసార్లు మన హడావుడే.

అందుకని లాక్కోవడం మానేసి మార్పిడి నేర్పించాం. ఉడికించిన చికెన్ ముక్కో, గుడ్డు ముక్కో దాని ముక్కు దగ్గర పెట్టి, నెమ్మదిగా "ఇచ్చెయ్" అనడం. నోట్లోది వదలగానే ముక్క ఇవ్వడం. అది వదిలింది దాని బొమ్మే అయితే మళ్లీ దానికే ఇచ్చేయడం. ఇస్తే పోయేదేమీ లేదని అర్థమైతే, పరిగెత్తడం మానేసి తానే తెచ్చి ఇస్తుంది. మొదట్లో అత్తయ్యగారు "వదలవే", అమ్మాయి "డ్రాప్", అబ్బాయి "నో నో" అనేవారు. పాపం, అది ఎవరి మాట వినాలి? ఇంట్లో అందరం ఒకే మాట వాడటం మొదలుపెట్టాక మూడు వారాల్లో నేర్చుకుంది.

పిల్లల కోసం ఇంకో నియమం పెట్టుకున్నాం. మా అమ్మాయి దాన్ని స్కెచ్ పెన్నుతో రాసి ఫ్రిజ్‌కు అంటించింది: "చెప్పినవాళ్లకు తిట్లు లేవు." కాజా ఏం తిన్నా, ఎవరి వస్తువు పాడైనా, వెంటనే వచ్చి చెప్పినవాళ్లను ఎవరూ తిట్టకూడదు. అలాగని ఊరికే వదిలేయడమూ లేదు. నేల మీద వస్తువు వదిలిన వాళ్లే చిందరవందరంతా ఎత్తాలి, ఆ వారం షూ ర్యాక్ సర్దాలి. ఐడీ కార్డు తాడు తెగినప్పుడు అమ్మాయి ఆ పని చేసింది, కొత్త కార్డు వచ్చేదాకా డైరీలో రాయించుకుని వెళ్లింది. తిట్లు మాత్రం పడలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం నేను వంటింట్లో ఉండగా అబ్బాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, కాజా నా సాక్స్ మింగేసింది. నేనే కింద పడేశాను. తిట్టవు కదా?"

గడియారం చూశాను. ఆరుం పది. "ఎప్పుడు నాన్నా?" అంటే "ఇప్పుడే" అన్నాడు. జతలో మిగిలిన సాక్సు కవర్లో వేసుకుని ముగ్గురం ఆటో ఎక్కాం. ఆ సాక్సు చూస్తే మింగిన గుడ్డ ఎంతదో డాక్టర్‌గారికి తెలుస్తుంది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "మింగి ఎంతసేపైంది?" అనే. గుడ్డ ఇంకా పొట్టలోనే ఉంటే మందు ఇచ్చి కక్కించవచ్చు. పేగుల్లోకి దిగి ఇరుక్కుంటే ఆపరేషనే, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. గుడ్డ, ప్లాస్టిక్ లాంటివి ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించకపోవచ్చు కూడా. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి సాక్సు మొత్తంగా బయటికొచ్చింది. ఆయన మా వాడి భుజం తట్టి, "నువ్వు వెంటనే చెప్పావు కాబట్టి పని సులువైంది" అన్నారు. వాడు అప్పటిదాకా బిగపట్టిన ఏడుపు అప్పుడు ఏడ్చాడు.

కక్కించడం ఇంట్లో చేయవలసిన పని కాదని కూడా ఆయన గట్టిగా చెప్పారు. ఉప్పునీళ్లు పోయడం మనకు అలవాటైన చిట్కా, కానీ కుక్కకు అది విషమవుతుంది. పదునైనవి, బ్యాటరీలు, ఆసిడ్ లాంటివి మింగితే కక్కించడమే ప్రమాదం. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగకూడదు, లోపల పేగులు కోసుకుపోతాయి. మింగడం ఎవరూ చూడకపోయినా, పదే పదే వాంతులు, తిండి మానేయడం, మలవిసర్జన కాకపోవడం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం, నీరసంగా ఒక మూల పడుకోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఆ రాత్రి పిల్లలిద్దరూ ఇల్లంతా మోకాళ్ల మీద తిరిగారు, కుక్కపిల్ల కంటికి ఏమేం అందుతాయో చూడటానికి. బొమ్మకారులో బటన్ బ్యాటరీ (కొరికినా చాలు, నోరు కాలిపోతుంది), అయస్కాంతం బిళ్లలు, అత్తయ్యగారి సూది దారం, మాత్రల అట్ట, బీరువా కింద నాఫ్తలీన్ ఉండలు దొరికాయి. మూతలేని చెత్తబుట్టలో మొక్కజొన్న కంకి, చికెన్ ఎముకలు ఉన్నాయి. మామిడి టెంకా ఇలాగే పేగుల్లో ఇరుక్కుంటుంది. స్కూల్ బ్యాగు జేబులో చాక్లెట్, లంచ్ బాక్సులో మిగిలిన కిస్‌మిస్ ఉన్నాయి. ఈ రెండూ కుక్కలకు విషమే. కొన్ని షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ కూడా అంతే. అన్నీ ఎత్తి పైఅరలో పెట్టాం. ఆ రోజు నుంచి షూలు ర్యాక్‌లోకి, సాక్సులు నేరుగా బట్టల బుట్టలోకి వెళ్తున్నాయి. ఆరేళ్లుగా నేను చెబుతున్న మాటే ఇది. కాజా మూడు నెలల్లో నేర్పించింది.

ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. పళ్లన్నీ వచ్చేశాయి. కొరకడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఏడాది దాటేదాకా కాస్త ఉంటుందట. ఫ్రిజ్ మీది కాగితం మాత్రం మేం తీయలేదు. కుక్కపిల్లయినా పసిపిల్లాడైనా, బయటపెడితే తమకు నష్టమని అనుకున్నదాన్ని లోపలే దాచుకుంటారు. లోపల దాచుకున్నది మనకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

మొన్న యూనిట్ టెస్ట్ పేపర్లు ఇచ్చిన రోజు మా అమ్మాయి బ్యాగు దించకముందే లెక్కల పేపరు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. 25కి 11. "చెప్పినవాళ్లకు తిట్లు లేవు కదా?" అంది.

"లేవు. కాళ్లు కడుక్కుని రా, ఎక్కడ పోయాయో చూద్దాం" అన్నాను.