చోడవరములో అట్లతద్ది, విశాఖలో ఆట

అనకాపల్లిలో రైలు దిగి చోడవరము పోవు బస్సెక్కితిమి. ఇరువది కిలోమీటర్ల దారి. రెండు ప్రక్కలను చెరకుతోటలు మనిషెత్తు దాటి లేచియున్నవి. అది 2025 అక్టోబరు రెండవ వారము; గానుగలు తిరుగుటకు ఇంకను గడువున్నది. అయినను ఈ ప్రాంతమున బస్సులో ఎవరు సంచి విప్పినను బెల్లపు వాసన రాక మానదు. మా చిన్ననాట చోడవరము విశాఖపట్టణము జిల్లాలోని తాలూకా పట్టణము. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఊరివారి నోట విశాఖ పేరే ముందు వచ్చుచున్నది.

ఇచ్చట మొదట చూడదగినది స్వయంభూ విఘ్నేశ్వరాలయము. స్వామి పైభాగము మాత్రమే నేలపైకి కన్పించుననియు, తొండము కొన యెందాక పోయినదో తెలియదనియు ఊరివారు చెప్పుదురు. ఊరిలోనే గౌరీశ్వరాలయమును గలదు. మేము పోయినది అట్లతద్ది నాడు గనుక కన్నెపిల్లలును, క్రొత్త కోడండ్రును పట్టుపరికిణీలతోను, క్రొత్త చీరెలతోను వీధులు నింపియుండిరి.

మేము దిగినది మా పిన్నిగారి యింట. ఆమె పూర్వము బాలికల పాఠశాలలో వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయిని. ఆటల సంగతి చెప్పనారంభించినచో పొయ్యిమీద పాలు పొంగిపోయినను లేవదు. ఆమె అత్తగారు మామ్మగారికి ఎనుబది దాటినవి. పిన్ని మనుమరాలికి పదునైదేండ్లు. ఆ పిల్ల తెల్లవారుజామున లేచి, గోంగూర పచ్చడితోను ఉల్లిపాయల పులుసుతోను చద్దియన్నము తిని, వేపచెట్టు ఉయ్యాల యూగి, వీధి పిల్లలతో ఆడి వచ్చినది. ఖోఖోలో ఆ పిల్లను పట్టగలవారు ఆ పాఠశాలలో లేరట. అట్టి పిల్ల పండుగనాడు ఒక మాట చెప్పి ఇల్లంతయు కలచివేసినది: ఇకమీదట ఖోఖో మాని క్రికెట్టు ఆడునట.

మామ్మగారు ఉపవాసముననుండియు ఊరుకొనలేదు. "పరుగొచ్చిన గుంట పరుగు మానేసి బంతి పట్టుకుంటానంటాదేటమ్మా? ఇన్నాళ్ళ కష్టం ఏ గంగలో కలపాల?" అని మమ్ము చూచి యడిగెను. పిల్ల మాత్రము ఒక్క పేరే చెప్పుచుండెను: శ్రీచరణి.

ఆ పేరు వినని సోదరీమణులకొరకు కొంత చెప్పవలెను. నల్లపురెడ్డి శ్రీచరణిది కడప జిల్లా, ఎర్రమల్లె గ్రామము. బడిలో పరుగుపందెములు, ఖోఖో, బ్యాడ్మింటను ఆడిన పిల్ల. క్రికెట్టును గట్టిగా పట్టుకొన్నది పదునారవ యేట మాత్రమే. ఎడమచేతితో మెల్లగా తిప్పి వేయు బంతులు ఆమెవి. 2025 ఏప్రిలులో కొలంబోలో దేశము తరఫున తొలి వన్డే ఆడెను. జూనులో ఇంగ్లండుమీద తొలి టీ-ఇరువది ఆటలో పండ్రెండు పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసెను. అయిదు ఆటలు ముగియునప్పటికి పది వికెట్లతో ఆ వరుసకే మేటి క్రీడాకారిణిగా నిలిచెను.

"అది ఆరు నెలల ముచ్చట" అని పిన్ని యనినది. "కొత్త బౌలరును మొదట ఎవరికిని తెలియదు. తెలిసిన పిమ్మట ఏమగునో చూడవలె. ఎనిమిదేండ్లనాడు మొదలుపెట్టిన పిల్లకు ఒంట్లో జీర్ణించినది, పదునారేండ్లకు వచ్చినదానికి బుద్ధితో జ్ఞాపకము చేసికొనవలసి యుండును. ఎదుటివారు తిరుగబడిన దినమున ఆ తేడా బయటపడును." ఒక ఆటనుండి మరొక ఆటకు దాటినవారి సంగతి పిన్ని ఊరక చెప్పదు. ఇంగ్లండున రగ్బీయను ఆట రెండు తెగలు: పదుమూడుగురు ఆడునది లీగు, పదునైదుగురు ఆడునది యూనియను. జేసను రాబిన్సను అను లీగు ఆటగాడు 2000లో యూనియనుకు దాటెను. 2003 ప్రపంచకప్పు ఫైనలులో ఇంగ్లండు తరఫున ట్రై చేసిన ఒకే యొక్కడు అతడే. అట్లు దాటివచ్చిన ప్రతివానినిగూర్చియు అక్కడివారు నెలల తరబడి వాదించుకొందురట. మన యిండ్లలో క్రొత్త కోడలినిగూర్చి వాదించుకొనునట్లే యని మాకు తోచినది.

ఆనాడే విశాఖలో మన స్త్రీల జట్టునకు దక్షిణాఫ్రికాతో ప్రపంచకప్పు ఆట. పెరటిలో పెనముమీద అట్లు పడుచుండగా నట్టింట టెలివిజనులో మన వికెట్లును పడుచుండెను. 102 పరుగులకు ఆరుగురు వెడలిపోయిరి. రిచా ఘోష్ ఒక్కతె నిలిచి 94 పరుగులు చేయగా మొత్తము 251 అయినది. మబ్బు చాటునుండి చంద్రుడు కన్పింపగనే అందరును లేచి గౌరికి పదునొకండు అట్లు నైవేద్యము పెట్టి, వాయనములిచ్చి, మరల టెలివిజను ముందు చేరిరి. అవతలివారికిని 81 పరుగులకే అయిదు వికెట్లు పోయినవి. గెలిచినామనియే యనుకొంటిమి. నదీన్ డి క్లెర్క్ యను నామె క్రిందివరుసలో వచ్చి 54 బంతులలో 84 పరుగులు చేసి ఆటను తీసికొని పోయినది. "ఆ జట్టులో కింద వచ్చినదానికి ఎంత బలముందో చూశారా!" అనినది పిన్ని. మామ్మగారు మాత్రము, అట్లు చల్లారిపోయినవని కసరినది.

12వ తేదీ ఆదివారము. సబ్బవరము, పెందుర్తి మీదుగా మేమందరము విశాఖకు బయలుదేరితిమి. మామ్మగారు కూడ వచ్చినది! వానలకు గుంతలుపడిన దారిలో కుదుపు కుదుపుకును ఆమె క్రికెట్టును తిట్టుచునేయుండెను. మధురవాడ మైదానము కొండల యొడిలో నున్నది. అచ్చట ఒక ప్రేక్షకశాలకు మిథాలీ రాజ్ పేరును, ఒక ప్రవేశద్వారమునకు మన తెలుగు వికెట్‌కీపరు రావి కల్పన పేరును క్రొత్తగా పెట్టిరి. మిథాలీ హైదరాబాదులో పెరిగినది. చిన్నతనమున భరతనాట్యము నేర్చి దానిని విడిచి క్రికెట్టునకు వచ్చినది. రెండు ప్రపంచకప్పు ఫైనళ్ళకు, 2005లోను 2017లోను, మన జట్టును నడపినది. ఇది విని మామ్మగారు "నాట్యం మానేసిందా!" అని నొచ్చుకొనినది.

ఎదుటిజట్టు ఆస్ట్రేలియా. వారిలో ఎలిస్ పెరీ యను నామెను చూపి పిన్ని మా మనుమరాలి భుజము తట్టినది. ఆమె ఫుట్‌బాలులోను, క్రికెట్టులోను, రెండింటను తన దేశము పక్షమున ప్రపంచకప్పు ఆడిన స్త్రీ. "చూడవే, ఈమె ఒకటి మానలేదు. ఎన్నో ఏండ్లు రెండూ ఆడింది." పిల్ల ఏమియు ననలేదు గాని ఆట ముగియువరకు ఆమెనే చూచుచుండెను.

స్మృతి మంధాన 80, ప్రతికా రావల్ 75. తొలి జోడీయే 155 పరుగులు. నాలుగు వికెట్లకు 294 ఉన్న మనవారు 330కే ముగిసిరి. ముప్పదియారు పరుగులకు ఆరు వికెట్లు! ఆ పిమ్మట అలిస్సా హీలీ 142 కొట్టినది. మన బౌలర్లనందరిని బాదుచున్న ఆ దినమున శ్రీచరణి పది ఓవర్లు వేసి 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసినది. పిన్ని యడిగిన పరీక్ష అదియే. పిన్ని తానే చప్పట్లు కొట్టినది. కాని ఆట నిలువలేదు. కాలు పట్టి మధ్యలో వెడలిపోయిన పెరీయే తిరిగివచ్చి సిక్సరుతో ముగించినది. 331 పరుగుల ఛేదన. స్త్రీల వన్డేలలో అప్పటికదియే రికార్డు.

తిరుగు బస్సులో పిన్ని చెప్పినదానిని మేమును అంగీకరించితిమి. తప్పు శ్రీచరణిది కాదు. మన జట్టులో నిండుగా బంతివేయువారు అయిదుగురే. అందులో నొకతె దెబ్బతిన్నచో ఆరవచేయి లేదు. ఒక పిల్ల ఏ యేట వచ్చినదని లెక్కించుట సులభము. ఆమె వెనుక కూర్చున్న పిల్లలెందరని ఎవరును లెక్కించరు. యాస్తికా భాటియా మోకాటికి దెబ్బ తగిలి ముందే తప్పుకొన్నది, ఆమె చోట అస్సాము పిల్ల ఉమా ఛెత్రీ వచ్చినది. మన హైదరాబాదు పిల్ల అరుంధతీ రెడ్డి జట్టులో నుండియు బరిలో దిగు వంతు రాలేదు. కూర్చున్నవారిదియు ఆటయేనని చెప్పినచో మన యిండ్లలో నెవరైన వినిరా? వంటింట గడపిన స్త్రీలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదని మా యభిప్రాయము.

మిగిలినది మేము మా యూరికి వచ్చిన పిమ్మట టెలివిజనులో చూచినదే. ప్రతికా రావల్‌కు కాలు మడతపడి సెమీఫైనలునకు ముందే తప్పుకొన్నది. ఆమెకు బదులు, అంతవరకు జట్టులోనే లేని షఫాలీ వర్మను పిలిపించిరి. సెమీఫైనలులో, బాల్యమున హాకీ కూడ ఆడిన జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి అజేయముగా నిలువగా, ఆస్ట్రేలియాపై 339 లక్ష్యమును మనవారు దాటిరి. విశాఖ రికార్డు పదునెనిమిది దినములే నిలిచినది. నవంబరు 2న నవీ ముంబయిలో ఫైనలు, మరల దక్షిణాఫ్రికాయే. పిలువని పేరంటముగా వచ్చిన షఫాలీ 87 పరుగులు చేయుటయే గాక, బంతియందుకొని రెండు వికెట్లు తీసినది. పిన్ని వెదకిన ఆరవచేయి అదియే! దీప్తి శర్మ 58 పరుగులును, అయిదు వికెట్లును. శ్రీచరణి అనెకే బోష్‌ను సున్నకే పంపినది. టోర్నమెంటు మొత్తముమీద 14 వికెట్లు, మనవారిలో దీప్తి 22 తరువాత ఆమెయే. 52 పరుగులతో మనకు మొట్టమొదటి స్త్రీల ప్రపంచకప్పు.

ఆ రాత్రియే పిన్నికి ఫోను చేసితిమి. మామ్మగారే యెత్తినది. ఆ యేడు జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్పును మన ఆడపిల్లలు నేపాలుపై 78–40తో గెలిచినారని ఎవరో చెప్పగా విని, ఆమె పట్టు మరింత బిగించినది. "దానికీ కప్పుందిటమ్మా. మరి మానడం దేనికి?" ఇంట కుదిరిన ఒప్పందమేమనగా, సాయంకాలము బడిలో ఖోఖో, ఉదయము పెరటిలో క్రికెట్టు, పరీక్షల తరువాత మరల ఆలోచన. పిల్ల ఒప్పుకొన్నదో లేదో మామ్మగారు చెప్పలేదు.

వేపచెట్టు ఉయ్యాల మాత్రము విప్పినారట. దానిచోట మూడు చెరకు గడలు వికెట్లుగా పాతినారు. ఆట ముగియగనే పిల్లలు వానిని విరుచుకొని తినివేయుచున్నందున దినమునకు మూడు గడలు దండుగయగుచున్నవని మామ్మగారి ఫిర్యాదు.