కొత్త రిసీవర్ కొందామా, వద్దా? మా హాస్టల్లో నెల రోజుల పంచాయితీ

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఇలాంటి డబ్బులు, ఇలాంటి గొడవ మీ హాస్టల్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. అందుకే రాస్తున్నాం.

మేం ఏలూరులో ఉండి చదువుకుంటున్న పదిహేడు మందిమి. ఎక్కువమందిమి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు కోయ, కొండరెడ్డి పిల్లలం. ముగ్గురు కుక్కునూరు, వేలేరుపాడు నుంచి వచ్చారు. ఇద్దరు కొల్లేటి పక్క ఊళ్ల యానాది తమ్ముళ్లు. దాదాపు అందరి ఇళ్లలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు.

మా కామన్ రూములో ఒక హోమ్ థియేటర్ ఉంది. చదువైపోయి వెళ్తూ సీనియర్లు వదిలిపెట్టింది. ఐదు చిన్న స్పీకర్లు, ఒక సబ్ వూఫర్, అన్నిటికీ నడుమ ఇనప డబ్బా లాంటి రిసీవర్. టీవీ నుంచి వచ్చే సౌండుని విడదీసి ఏ స్పీకర్‌కి ఏది వెళ్లాలో పంపేది ఆ డబ్బాలో ఉన్న ప్రాసెసరే. 5.1 అంటారే, అదే. దానికి హెచ్‌డీఎంఐ లేదు, ఆప్టికల్ వైరు ఒక్కటే.

మొన్న సెలవుల్లో కొందరం ఆకివీడు, కైకలూరు వైపు చేపల ప్యాకింగ్‌కి వెళ్లాం. తెల్లారకముందే ఐసు కొట్టడం, ట్రేలు మోయడం, లారీకి ఎక్కించడం. మిగతావాళ్లం పెళ్లిళ్లలో కేటరింగ్‌కి వెళ్లి వడ్డించాం. తలా కొంత వేస్తే 17,400 రూపాయలు పోగయ్యాయి. ఇక రిసీవర్ మార్చేద్దాం అన్న మాట మొదలైంది.

మారుద్దాం అన్నవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. "పుస్తకాలు పాతవే, మంచాలు పాతవే, చొక్కాలు కూడా ఎవరో వేసుకుని ఇచ్చినవే వేసుకుని పెరిగాం. కష్టపడి సంపాదించిన డబ్బుతో ఒక్క వస్తువైనా మంచిది కొనుక్కోకూడదా?" అన్నాడు ఒక తమ్ముడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వాడన్నది రిసీవర్ గురించి కాదని అందరికీ తెలుసు.

కొత్తదాని ధర అడిగితే 32,000 చెప్పారు. అది మా వల్ల కాదు. తాడేపల్లిగూడెంలో ఒకాయన దగ్గర వాడిన రిసీవర్ ఉంది, అట్మాస్ కూడా పలుకుతుంది, 16,500కి ఇస్తానన్నాడు. నలుగురం రైలెక్కి గూడెం వెళ్లాం. అక్కడ నిట్‌లో చదువుతున్న మన అన్న ఒకాయన్ని వెంట తీసుకెళ్లాం.

అన్న మాకు చెప్పింది ఇది. డాల్బీ అట్మాస్ సినిమా హాళ్లలోకి 2012లో వచ్చింది, ఇళ్లలోకి 2014లో. అందులో సౌండు తల మీద నుంచి కూడా రావాలి. అంటే పైన ఇంకో రెండు స్పీకర్లన్నా ఉండాలి. మీ దగ్గర ఉన్నవి ఐదే. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే పై నుంచి సౌండు దిగదు. ఇప్పుడున్న ఆప్టికల్ వైరులో అట్మాస్ రాదు, నిజమే. కానీ మామూలు డాల్బీ డిజిటల్ 5.1 చక్కగా వస్తుంది. ముందు అది సరిగ్గా వినపడుతుందో లేదో చూసుకోండి, తర్వాత కొనుక్కోండి అన్నాడు.

ఆ ఆదివారం అన్నే ఏలూరు వచ్చాడు. చూస్తే వెనక ఉండాల్సిన రెండు స్పీకర్లూ వైరు చాలక ఎన్నాళ్ల నుంచో టీవీ పక్కనే కూర్చున్నాయి. ముందు ఎడమ స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారుగా ఉన్నాయి. అలా ఉంటే రెండు స్పీకర్ల బేసూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సౌండు పల్చబడుతుందట. గుయ్యిమనే మోతకి కేబుల్ టీవీ వైరు పీకి చూశాం, మోత ఆగిపోయింది. 340 రూపాయలు పెట్టి వైరు కొని, వెనక స్పీకర్లని మేం కూర్చునే చోటికి రెండు పక్కలా, చెవులకి కాస్త వెనగ్గా పెట్టాం. ఆ రాత్రి సినిమాలో వాన పడుతుంటే ఒకడు లేచి కిటికీ మూయబోయాడు.

ఇంతటితో అయిపోయేదే. కానీ మేం ఆ సెట్టు మీద సినిమాలే వినం. శనివారం రాత్రిళ్లు ఊళ్ల నుంచి వచ్చిన పాటలు పెట్టుకుంటాం. రేలా పాటలు, భూమి పండగ డోళ్లు, పెళ్లి పాటలు. అందులో ఒకటి వేలేరుపాడు తమ్ముడి అమ్మమ్మ పాడింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చిందే, ఆ వరదకి ముందు రికార్డు చేసింది. ఇప్పుడా అమ్మమ్మ లేదు. ఊరు కూడా లేదు, పోలవరం ముంపు కింద ఖాళీ చేసి కాలనీకి మారారు.

గూడెంలో ఆ రిసీవర్ మీద మేం ఈ పాట కూడా పెట్టించాం. అందులో ఒక బటన్ నొక్కితే మామూలు సౌండుని అన్ని స్పీకర్లకీ పంచుతుంది. అమ్మమ్మ గొంతు గదంతా తిరిగింది. తమ్ముడు కాసేపు విని, "ఆపెయ్యండన్నా. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని పాడింది. ఇది ఫంక్షన్ హాల్లో పాడినట్టుంది" అన్నాడు.

అది చవక ఫోనుతో దూరం నుంచి తీసింది. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చింది. మధ్యలో మోటార్ సైకిల్ పోతుంది, రెండు చరణాల్లో మాటలు అందవు. ఎంత ఖరీదు ప్రాసెసర్ అయినా ఆ మాటల్ని తేలేదు. తీసేటప్పుడు పడనిది వినేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? సినిమా వాళ్లయితే అన్నీ జాగ్రత్తగా రికార్డు చేసి పంపుతారు, వినే డబ్బా మంచిదైతే చాలు. మన పాటల్ని ఆ జాగ్రత్తతో రికార్డు చేసేవాళ్లు మనం కాక ఇంకెవరున్నారు?

ఓటు పెట్టాం. రిసీవర్‌కి ఆరు, వద్దని పదకొండు. పాతది ఉంచుకుని, చేతిలో పట్టే చిన్న వాయిస్ రికార్డర్, మెమరీ కార్డు కొంటున్నాం. మిగిలింది ఊళ్లకి వెళ్లడానికి బస్సు ఛార్జీలకి. ఆ ఆరుగురూ అలగలేదు. "ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కొత్తదే కొంటాం, సీలు మీ చేత విప్పిస్తాం" అన్నారు. కొనాలనే మేమూ కోరుకుంటున్నాం.

రికార్డర్ లేనివాళ్లు ఫోనుతో తీసినా పర్వాలేదు. అన్న చెప్పినవి ఇవి. ఫోను మూరెడు దూరంలో పెట్టండి. ఫ్యాను, టీవీ ఆపండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. మొదట్లో పాడేవాళ్ల పేరు, ఊరు, తారీఖు చెప్పించండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, సౌండు తగ్గదు. రెండు చోట్ల దాచండి. అన్నిటికంటే ముందు పెద్దవాళ్లని అడగండి: ఇది నలుగురికీ వినిపించొచ్చా, లేక కొలుపులప్పుడే పాడేదా? వద్దంటే వద్దు.

ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దం అని ప్రకటించింది. అందులో కొన్నేళ్లు అప్పుడే అయిపోయాయి. మన అమ్మమ్మల వయసు మనకి తెలుసు.

ఆగస్టు 9కి ఏలూరు వచ్చేవాళ్లు మీ ఊరి పాట ఒక్కటైనా పట్టుకురండి. మా పాత డబ్బా మీదే అందరం కూర్చుని విందాం. వెనక స్పీకర్లు ఇప్పుడు వెనకే ఉన్నాయి.