రుఖా వణికింది

పోయిన చలికాలం మొఘల్‌పురా నుంచి ఫోన్ వచ్చింది. మా పాత ఇంటి ఎదురుగా ఉండే చాచా వాళ్ల అబ్బాయి. "భయ్యా, దుకాణానికి వెబ్‌సైట్ కావాలె. కార్డు మీద మౌస్ పెట్టంగనే తెరుచుకోవాలె, అసల్ రుఖా లెక్కనే" అన్నాడు. రుఖా అంటే పెళ్లి కార్డు. ఛత్తా బజార్లో వాళ్లకి ఆ కార్డుల దుకాణం ఉంది. పన్నెండేళ్లుగా ఫ్రంట్ ఎండ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి, ఒక శనివారం చాలు అన్నాను. ఆరు వారాలు పట్టింది. కోడ్ జోలికి పోనివాళ్లు మధ్యలో కొన్ని పేరాలు నన్ను భరించాలి.

డబ్బులు తీసుకోనని ముందే చెప్పాను. చాచా కాతిబ్, అంటే ఉర్దూ రాతగాడు. నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలుగు, గల్లీలో దక్ఖనీ, బళ్లో ఇంగ్లీషు నడిచేవి. అప్పటికే ఇన్‌పేజ్ వచ్చి ఛత్తా బజార్లో చాలామంది కాతిబులు కలం పక్కన పెట్టేశారు. అయినా రుఖా మీద పేర్లు మాత్రం చేత్తోనే రాయాలని పట్టుబట్టే పెద్దవాళ్లు కొందరుండేవాళ్లు. వాళ్ల కోసం చాచా రాత్రిళ్లు ఇంట్లో రాసేవారు. కరెంటు పోతే నేను టార్చిలైటు పట్టుకునేవాణ్ణి. వాలుగా చెక్కిన రెల్లు కలం సిరాలో ముంచి, కుడి నుంచి ఎడమకి ఒక్క ఊపులో పేరంతా రాసేసి, చివర్లో వెనక్కొచ్చి నుక్తాలు పెట్టేవారు. నుక్తాలు పడేదాకా అది ఎవరి పేరో నాకు తెలిసేది కాదు. ఒకసారి నా పేరు తెలుగులో రాయించుకుని, అదే కలంతో అదే రాసి చూపించారు. తలకట్లు తోరణాల్లా వచ్చాయి. ఆ కాగితం చాలా ఏళ్లు నా దగ్గర ఉండేది.

ఇప్పుడు ఆయన రాయరు. చేయి వణుకుతుంది. మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుంటారు.

నేను రాసిన మొదటి వెర్షన్ ఇలా ఉంది. కార్డు మీదికి మౌస్ రాగానే అది పన్నెండు పిక్సెల్స్ పైకి లేస్తుంది, మడత విప్పుకుంటుంది, లోపల వధూవరుల పేర్లలో ఒక్కో అక్షరం కిందనుంచి తేలుతూ వస్తుంది. సీఎస్ఎస్‌లో దీన్ని ట్రాన్సిషన్ అంటారు. ఈ స్థితి నుంచి ఆ స్థితికి, ఇన్ని క్షణాల్లో వెళ్లు అని చెప్తే మధ్యలో ఉండాల్సినవన్నీ బ్రౌజరే లెక్కేసుకుంటుంది. క్రోమ్‌లో చూశాను, ఫైర్‌ఫాక్స్‌లో చూశాను, సఫారీలో చూశాను. సఫారీలో ఒక చిన్న తేడా ఉంది. గుండ్రంగా చేసిన కార్డు మూలలు, లోపలి బొమ్మ కదులుతున్నంతసేపూ చదరంగా అయిపోయి, ఆగాక మళ్లీ గుండ్రంగా అవుతున్నాయి. శుభలేఖ మూలలకి పసుపు రాసే జాతి మనది, మూలలు చెడితే ఎలా. 'ఐసొలేషన్' అని ఒక్క లైను రాసి కార్డుని వేరే పొరగా విడదీస్తే కుదురుకుంది. అన్నీ అయిపోయాయని ఆదివారం బయల్దేరాను. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా, అక్కణ్ణుంచి ఆటో.

దుకాణంలో పాత విండోస్ కంప్యూటరొకటి ఉంది. చాచానే కుర్చీలో కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చాను. బాణం మెల్లగా కిందనుంచి పైకి జరిగింది. కార్డు అడుగు అంచు దగ్గర ఆగింది. అంతే, కార్డు వణకడం మొదలెట్టింది. లేస్తుంది, పడుతుంది, సగం తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. చాచా మౌస్ వదిలేశారు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

"మేరాఇచ్ హాథ్ హిల్రా బేటా" అన్నారు. నా చెయ్యే వణుకుతోంది అని.

కాదు చాచా, నా కోడ్‌లో తప్పు అన్నాను. ఆయన నవ్వారు. "డాక్టర్ భీ ఐసాఇచ్ బోల్తా" అన్నారు. నేను ఊరడిస్తున్నాననుకున్నారు. కానీ అది నిజంగా నా తప్పే. ఎంత మామూలు తప్పంటే, ఇంటర్వ్యూలో జూనియర్లని నేనే అడుగుతుంటాను.

సంగతేంటంటే, మౌస్ బాణం కార్డు అడుగు అంచు మీద ఉందనుకోండి. హోవర్ మొదలైంది కాబట్టి కార్డు పన్నెండు పిక్సెల్స్ పైకి లేస్తుంది. లేచేసరికి బాణం కింద కార్డు లేదు. కార్డు లేదు కాబట్టి హోవర్ పోయింది. పోయింది కాబట్టి కార్డు కిందికి దిగుతుంది. దిగేసరికి మళ్లీ బాణం కిందికొస్తుంది, మళ్లీ హోవర్. మౌస్ కదిలిన ప్రతిసారీ బ్రౌజర్ బాణం కింద ఏముందో మళ్లీ చూసుకుంటుంది. విసురుగా వచ్చి కార్డు నడిమధ్యలో ఆగే చేతికి ఇది ఎప్పుడూ ఎదురవదు. నిదానంగా వచ్చి, అంచు దగ్గర ఆగి, అక్కడే కొంచెం కొంచెం కదిలే చేతికి తప్పకుండా ఎదురవుతుంది. నేను మూడు బ్రౌజర్లలో చూశాను గానీ మూడింట్లోనూ మౌస్ పట్టింది నా చెయ్యే.

మందు కూడా మామూలుదే. హోవర్‌ని కదిలే వస్తువు మీద పెట్టకూడదు. కదలని పెట్టె ఒకటి బయట ఉంచి, హోవర్ దాని మీద పెట్టి, లోపలున్న కార్డుని కదిలించాలి. బాణం పెట్టెలో ఉన్నంతసేపూ కార్డు ఎటు పోయినా ఫరవాలేదు. నాలుగు లైన్లు. ఆ రోజే ఆటోలో కూర్చుని ఫోన్‌లోనే రాసుకున్నాను.

ఆ ఆదివారం ఇంకా అయిపోలేదు. చాచా జేబులోంచి ఆండ్రాయిడ్ ఫోన్ తీసి దాంట్లో చూస్తానన్నారు. కార్డు మీద వేలు పెట్టారు. కార్డు తెరుచుకోలేదు, నేరుగా ఆర్డర్ ఫారం వచ్చింది. వెనక్కొస్తే ఇప్పుడు కార్డు తెరుచుకుని ఉంది, మూసుకోనంటోంది. అబ్బాయి ఐఫోన్‌లో మొదటిసారి తాకితే తెరుచుకుంటుంది, రెండోసారి తాకితే ఫారంకి పోతుంది. ఒకే కోడ్, మూడు తెరలు, మూడు ప్రవర్తనలు.

హోవర్‌ని తెలుగులో తచ్చాడటం అనొచ్చేమో. తాకకుండా దగ్గర్లో ఉండటం. 1968లో ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని జనానికి చూపించిన దగ్గర్నుంచి ఆ స్థితి తెర మీద ఉంది. చెయ్యి ఒకచోట, చూపుడు బాణం ఇంకోచోట, నొక్కేదాకా ఏదీ ఖాయం కాదు. వేలికి ఆ స్థితి లేదు. తెర మీద ఉంటుంది, లేదంటే లేదు. హోవర్ నమ్ముకున్న పాత సైట్లు పూర్తిగా చచ్చిపోకుండా ఫోన్ బ్రౌజర్లు తాకడాన్నే హోవర్‌గా నటిస్తాయి, ఒక్కోటీ ఒక్కో రకంగా నటిస్తుంది. దీనికి మీడియా క్వెరీ ఉంది. 'ఈ పరికరానికి నిజంగా హోవర్ ఉందా?' అని అడిగి, ఉంటేనే ఆ నియమాలు వర్తింపజేయొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో కూడా 2018 చివరికి వచ్చేసింది. ఫోన్‌లో తాకితే కార్డు తెరుచుకునేట్టు, ఆర్డర్‌కి వేరే బటన్ ఉండేట్టు మార్చాను. "మా గిరాకీ మొత్తం ఫోన్లోనే చూస్తరు భయ్యా" అన్నాడు అబ్బాయి, అంతా అయ్యాక. మరి మౌస్ అని ఎందుకన్నావురా అంటే, మీరు లాప్‌టాప్ మీద చేస్తరు కదా అని అన్నాడు.

నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు సమస్యలు వేరే రకం. ట్రాన్సిషన్ల మొదటి ముసాయిదాని డబ్ల్యూత్రీసీ 2009 మార్చిలో విడుదల చేసింది. కొన్నేళ్లు ప్రతి బ్రౌజర్‌కీ ముందు దాని పేరు తగిలించి రాయాలి. వెబ్‌కిట్ అని ఒకసారి, మోజ్ అని ఒకసారి, ఓ అని ఒకసారి, చివర్లో ఏమీ లేకుండా ఒకసారి. ఒకే మాటని నాలుగు యాసల్లో చెప్పినట్టు. మొదటి ఉద్యోగంలో నా పని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9లో యానిమేషన్ రావట్లేదనే టికెట్లు చూడటం. రాదు. ఆ బ్రౌజర్‌కి ట్రాన్సిషన్ అనేదే తెలీదు. అప్పట్లో తేడా బ్రౌజర్లో ఉండేది, దాని మీద పడి తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు బ్రౌజర్లు దాదాపు ఒకే మాట మీదున్నాయి. 'కనబడకు' నుంచి 'కనబడు'కి సాఫీగా మారడం కూడా 2023 నుంచి క్రోమ్‌లో సాధ్యమైంది. అంతకుముందు ఆ రెంటికీ మధ్య స్థితి లేదనేది బ్రౌజర్ వాదన, సగం లేకపోవడం అంటే ఏంటని. (కథల మీద రాసేటప్పుడు 'పాత్రలో మార్పు హఠాత్తుగా ఉంది' అని ఎన్నిసార్లు ఫిర్యాదు చేశానో. కొన్ని మార్పులకి మధ్య విలువలు ఉండవేమో.)

అసలు దెబ్బ ఇంకా చెప్పలేదు. చాచా ఫోన్‌లో కార్డు తెరుచుకుందని చెప్పాను కదా. లోపల పేరు చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "హర్ఫాఁ కైకు తోడ్ దియే?" అక్షరాలు ఎందుకు విరగ్గొట్టావు?

నమూనా కోసం నస్రీన్ అనే పేరు పెట్టాం. ఉర్దూలో అది ఐదు అక్షరాలు. నూన్, సీన్, రే మూడూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రే తన తర్వాతిదాని చెయ్యి పట్టుకోదు, అందుకని అక్కడ చిన్న విరామం. మళ్లీ యే, నూన్ కలుస్తాయి. నేనేమో ఒక్కో అక్షరాన్నీ లేపాలని ఒక్కోదాన్నీ ఒక్కో పెట్టెలో పెట్టాను. మామూలు వరుసలో పారే మాటకి కదలిక వర్తించదు, విడి పెట్టెగా చేస్తేనే కదులుతుంది. పెట్టెలో పెడితే పక్క అక్షరం ఎవరో దానికి తెలీదు. ఐదూ ఐదు ఒంటరి రూపాల్లో, ముక్కలు ముక్కలుగా నిలబడ్డాయి. ఏ బ్రౌజర్లో చూసినా అంతే. ఇది బ్రౌజర్ల గొడవ కాదు. నేను ఇంట్లో పరీక్షించింది 'ప్రియ' అని, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో.

ఆ క్షణంలో నాకు ఇంకోటి తట్టింది, ఫోన్ లాక్కున్నంత పనిచేసి తెలుగు కార్డు తెరిచాను. లక్ష్మి అన్న పేరు ఏడు ముక్కలైంది. ల, క, ఒంటరిగా ఒక పొల్లు, ష, ఇంకో పొల్లు, మ, చివర గుడి. పట్టుకోవడానికి అక్షరం లేని పొల్లులూ గుడీ చుక్కల సున్నాల మీద వేలాడుతున్నాయి. తెలుగులో పుస్తకాల మీద రాస్తాను, ఎవరైనా ఒత్తు తప్పు రాస్తే ఎడిటర్‌కి మెయిల్ పెడతాను. నా భాష కార్డుని తెరిచి చూడటానికి చాచా కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత నాలుగు వారాలు దీనికే పోయాయి. తెలుగుని ముక్కలు చేయడానికి జావాస్క్రిప్ట్‌లో సెగ్మెంటర్ అని ఒకటుంది, యూనికోడ్ నియమాల ప్రకారం 'ఒక అక్షరం' ఎక్కడ ముగుస్తుందో చెప్తుంది. పాత నియమాల ప్రకారం అది లక్ష్మిని ల, క్, ష్, మి అని నాలుగు చేసేది. ఒత్తులతో కలిసిన క్ష్మి మొత్తం ఒకటే అని ఒప్పుకున్నది 2023లో, 15.1 వెర్షన్‌లో. అందుకని బ్రౌజర్ పాతదైతే ఒక రకం, కొత్తదైతే ఒక రకం. ఉర్దూకి అదీ పనికిరాదు, ఎంత సరిగ్గా విడదీసినా విడదీయడమే అక్కడ తప్పు. ఒక రాత్రి రెండు గంటలకి అక్షరాలు లేపే కోడ్ మొత్తం తీసేశాను. పేరుని కదిలించలేదు, కోయలేదు. దాని మీద తెర కప్పి, ఆ తెరని మాత్రం జరిపాను. క్లిప్ పాత్ అంటారు. ఉర్దూ పేరుకి కుడి నుంచి ఎడమకి, తెలుగు పేరుకి ఎడమ నుంచి కుడికి. నస్తాలీఖ్ అక్షరాలు పైనుంచి ఏటవాలుగా దిగుతాయి కాబట్టి పైనా కిందా తెర కొలతని మైనస్‌లో పెట్టి ఖాళీ వదిలాను. లేకపోతే పై గీతలు తెగుతున్నాయి. ఆ ఖాళీ మన ఒత్తులకీ పనికొచ్చింది.

మళ్లీ ఆదివారం. చాచాని కంప్యూటర్ ముందు కూర్చోమంటే నక్కో అన్నారు. అబ్బాయిని చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. మౌస్ ఆయన చేతి కింద పెట్టి, కావాలనే కార్డు అడుగు అంచు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. బాణం అక్కడికొచ్చింది. ఆయన చేయి వణుకుతోంది, బాణమూ వణుకుతోంది. కార్డు లేచి, తెరుచుకుని, నిలబడింది. పేరు కుడి నుంచి ఎడమకి సాగింది.

కాసేపు చూశారు. "నుక్తే సాథ్ మేఇచ్ ఆ రైఁ" అన్నారు. నుక్తాలు అక్షరాలతోపాటే వచ్చేస్తున్నాయి.

అవును చాచా, సీఎస్ఎస్‌కి నుక్తాలు విడిగా కనబడవు అన్నాను. చివర్లో పెట్టడం నాకు రాలేదు.

"హౌ" అన్నారు. బాణాన్ని కార్డు మీంచి కిందికి దింపారు, మళ్లీ అంచు మీదికి తెచ్చారు. మళ్లీ దింపారు. ఎవరో గిరాకీ వచ్చారు, అబ్బాయికి బిల్లు కోసం కంప్యూటర్ కావాలి. "ఠైర్" అన్నారు చాచా, తెర మీంచి చూపు తిప్పకుండా.