ఎక్కడన్నాడో చెప్పండి

పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, సోక్రటీస్ ఎదురవుతాడు. సూర్యోదయం ఫొటో, పక్కన గడ్డం ఉన్న పాలరాతి తల, మార్పు కావాలంటే పాతదానితో పోట్లాట మాని కొత్తదాన్ని కట్టుకోవాలనే అర్థంలో ఒక మాట, దాని కింద ఆయన పేరు. ఆ మాట పుట్టింది ఏథెన్స్‌లో కాదు. డాన్ మిల్‌మన్ అనే అమెరికన్ రచయిత 1980లో అచ్చువేసిన పుస్తకంలో, పెట్రోలు బంకులో పనిచేసే ఒక ముసలాయన అన్న మాట అది. ఆ పాత్రను అందులో సోక్రటీస్ అని పిలుస్తారు, అంతే. శ్రేష్ఠత అంటే అలవాటేనని అరిస్టాటిల్ పేరిట తిరిగే వాక్యం కూడా ఆయనది కాదు. విల్ డ్యురాంట్ 1926 నాటి తన పుస్తకంలో అరిస్టాటిల్ ఆలోచనను సొంత మాటల్లో క్లుప్తంగా చెప్పిన వాక్యమది. తప్పులు ఎవరైనా చేస్తారు, వాటితో పేచీ లేదు. పేచీ అంతా, ఆ మాట నిజంగా ఆయనదేనా అని ఎవరైనా చూద్దామనుకుంటే పట్టుకోడానికి ఒక్క కొస కూడా ఇవ్వకపోవడంతోనే. తత్వశాస్త్రం చదవాలని ఆశపడే కుర్రవాడికి అన్నిటికంటే ముందు చేతికందేవి ఇవే. ఏది మంచి వనరు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. తన మాటను సరిచూసుకోడానికి, అవసరమైతే కాదనడానికి కావలసిన సరంజామా తానే మన చేతికిచ్చేదే మంచి వనరు. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఈ సరంజామాలో మొదటిది చోటు. 1578లో ఆన్రీ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు ప్లేటో రచనలన్నీ మూడు సంపుటాలుగా అచ్చువేశాడు. లాటిన్‌లో ఆయన పేరు స్టెఫానస్. గ్రీకు మూలం ఒక వరుసలో, లాటిన్ అనువాదం పక్క వరుసలో, ప్రతి పేజీకీ ఏ నుంచి ఈ దాకా అక్షరాల గుర్తులు. ఆ పేజీ నంబర్లే ఇవాళ్టికీ ప్లేటోకి చిరునామా. పరీక్షించుకోని బతుకు బతకదగ్గది కాదని సోక్రటీస్ అన్న మాట నిజంగా ఆయన నోట వచ్చిందే, కనీసం ప్లేటో రాసిన ప్రకారం. అపాలజీలో 38ఏ దగ్గర ఉంది. ఆ అంకె తెలిస్తే ఏ శతాబ్దపు అనువాదంలోనైనా, ఏ దేశపు ముద్రణలోనైనా నేరుగా ఆ వాక్యం దగ్గరికి వెళ్ళవచ్చు. అరిస్టాటిల్‌కి 1831లో బెర్లిన్‌లో బెకర్ వేసిన ముద్రణ నంబర్లు ఇదే పని చేస్తాయి. మనవాళ్ళకూ ఇది కొత్త కాదు. అధ్యాయం, పాదం, సూత్రం అని మూడంకెలు చెబితే బ్రహ్మసూత్రాల్లో ఏ చోటైనా దొరుకుతుంది. అందుకే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరికే, జోవెట్ చేసిన ప్లేటో అనువాదం ఎంత చక్కగా ఉన్నా, అపాలజీ పాఠంలో ఈ అంకెలు లేకపోవడం పెద్ద లోటు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంవారి పర్సియస్‌లో అవి ఉన్నాయి. అక్కడ గ్రీకు పాఠం, ఇంగ్లీషు పాఠం రెండూ చూసుకోవచ్చు. గ్రీకు మాట మీద నొక్కితే దాని వ్యాకరణం, నిఘంటువు అర్థం వస్తాయి. గ్రీకు రానివాడికి ఇవన్నీ ఎందుకని అడగవచ్చు. రెండు అనువాదాలు ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా చెప్పినప్పుడు, తగువు ఏ మాట దగ్గర వచ్చిందో చూడటానికి గ్రీకు పాండిత్యం అక్కర్లేదు. ఓపిక చాలు.

రెండోది, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీని ఎడ్వర్డ్ జాల్టా 1995లో మొదలుపెట్టాడు. చదివేవాణ్ణి పైసా అడగదు. ప్రతి వ్యాసానికీ రాసినవారి పేరు, మొదట వెలువడిన తేదీ, చివరిసారి గట్టిగా సవరించిన తేదీ ఉంటాయి. మూడు నెలలకోసారి మొత్తాన్నీ ఉన్నదున్నట్టుగా భద్రపరుస్తారు. వ్యాసం తర్వాత మారినా, మనం ఉదహరించిన పాఠం ఎక్కడికీ పోదు. ఇంత నిజాయితీ చాలా అచ్చు పుస్తకాలకు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది పూర్వపక్షం, అంటే జవాబుకు ముందు ఎదుటివాడి వాదాన్ని చెప్పడం. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి పేరు ఇప్పటికీ మోస్తున్న కొండ మన కృష్ణ నీళ్ళ మధ్యే ఉంది. ఆయన విగ్రహవ్యావర్తనిలో 70 కారికలు. వాటిలో మొదటి 20 ప్రత్యర్థివే. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా, అది దేన్ని ఖండించగలదు అని ప్రత్యర్థి నిలదీస్తాడు. ఆ దెబ్బ పూర్తిగా తగిలాకే జవాబు మొదలవుతుంది. ఏ వెబ్‌సైటు తెరిచినా, ఏ ఉపన్యాసం విన్నా ఇదే చూడాలి: ఎదుటివాడి వాదాన్ని, అతను విన్నా ఒప్పుకునేంత బలంగా చెప్పారా లేదా? ఇందులో ఒక చిక్కుంది, దాచి లాభం లేదు. చార్వాకుల మాటలు మనకు దాదాపు అన్నీ ప్రత్యర్థుల గ్రంథాల ద్వారానే అందాయి. 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం వాళ్ళతోనే మొదలవుతుంది, వాళ్ళను దాటిపోవడానికే. పూర్వపక్షం ఎంత ఉదారంగా రాసినా రాసింది ఎదుటి పక్షమే. కాబట్టి పరిచయ వ్యాసంతో ఆగకుండా మూలం దాకా వెళ్ళాలి. సంస్కృత పాఠాలకు గోటింగెన్‌వారి గ్రెటిల్, బౌద్ధ సూత్రాలకు సుత్తసెంట్రల్ అందుకు పనికొస్తాయి. రెండోదానిలో ఒకే సూత్రానికి పాళీ, చైనీస్ తదితర భాషల్లో ఉన్న సమాంతర పాఠాలెక్కడున్నాయో చూపిస్తారు.

ఇంత బరువు మొదటి రోజే ఎత్తితే కొత్తవాడు బెదిరిపోడా, రెండు నిమిషాల వీడియో కనీసం గుమ్మం దాకా తెస్తుంది కదా అంటారు. సులువుగా చెప్పడానికీ చోటు చెప్పకపోవడానికీ సంబంధం లేదు. పీటర్ ఆడమ్సన్ 2010 నుంచి నడుపుతున్న తత్వశాస్త్ర చరిత్ర పాడ్‌కాస్ట్ వంట చేసుకుంటూ వినేంత తేలిక. అయినా ఒక్కో భాగానికీ చదవాల్సిన పుస్తకాల పట్టిక ఉంటుంది. భారతీయ దర్శనాల భాగాన్ని జొనార్దన్ గనేరితో కలిసి చేశాడు. జొనాథన్ బెన్నెట్ అయితే ఇంకా సాహసం చేశాడు. లాక్, హ్యూమ్, కాంట్‌ల వాక్యాలను ఇప్పటి విద్యార్థికి అందేలా తిరగరాశాడు. తాను చేర్చిన మాటలకు రెండు వైపులా చిన్న చుక్కలు పెట్టాడు, వివరణలను బ్రాకెట్లలో ఉంచాడు, చిన్న భాగం వదిలేసిన చోట నాలుగు చుక్కలు వేశాడు. తన చెయ్యి ఎక్కడ పడిందో చదివేవాడికి కనబడుతూనే ఉంటుంది. ఏఐని అడిగితే సరిపోదా అన్నవారికీ ఇదే జవాబు: అడగండి, కానీ గ్రంథం పేరు, చోటు కూడా అడిగి, అక్కడికి వెళ్ళి మీ కళ్ళతో చూడండి.

వీటిలో చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయన్న ఆక్షేపణకు మాత్రం ఎదురు చెప్పలేం. గోపీచంద్ తత్వవేత్తలు, నండూరి రామమోహనరావు విశ్వదర్శనం చదివి ఈ దారి పట్టిన తెలుగు పాఠకుడికి ఆన్‌లైన్‌లో ఆ తర్వాతి మెట్టు కనబడదు. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడన్ని ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన ఆ స్కాన్లలో చాలావాటికి పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో గుర్తుపట్టలేనంతగా చెడిపోయాయి. సరైన పేరుతో వెతికితే రావు, ఎవరు ఎలా తప్పు రాసి ఉంటారో ఊహించి వెతకాలి. దొరికినా పేజీలు చాలావరకు బొమ్మలే, లోపల ఒక మాట వెతకడం కుదరదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమే రాస్తున్నానని మొదట్లోనే చెప్పి, దానికి తానే దీపిక అనే వ్యాఖ్య కూడా రాశాడు. అటువంటి గ్రంథాల తెలుగు వ్యాఖ్యానాలు టైపై, అంకెలతో, వెతకడానికి వీలుగా ఉండాలి. దానికి పరికరం ఇప్పటికే ఉంది. తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ పేజీ ఒక పక్క, టైపు చేసిన పాఠం మరో పక్క ఉంటాయి. ఒకరు దిద్దిన పేజీకి పసుపు గుర్తు పడుతుంది, రెండో మనిషి సరిచూశాక ఆకుపచ్చ అవుతుంది. మొదటి మనిషే రెండోసారి చూసి ఆకుపచ్చ చేయడానికి లేదు. కాపీరైటు తీరిన తర్క, వేదాంత గ్రంథాల పేజీలకు ఇద్దరేసి మనుషులు కావాలి, అందులో ఒకరికైనా ఆ శాస్త్రం కొంత తెలిసి ఉండాలి.